పాడుగోడ పక్కన పొయ్యి

చలి ముదిరింది. ఇలా కుంపటి దగ్గరికి జరగండి. ఈ పూట ఒక బొమ్మలాయన గురించి చెప్పుకుందాం. దానికి ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన బొమ్మలు నాకు ఎందుకింత నచ్చాయో మీకు అంతు పట్టదు.

మా ఊరి చెరువుకట్ట దిగువన ఒక పాడుమండపం ఉండేది. ఎవరు కట్టించారో, ఏ దేవుడి ఊరేగింపు అక్కడ ఆగేదో చెప్పేవాళ్ళు లేరు. పైకప్పులో రెండు మూడు రాళ్ళు ఊడిపోయి, ఆ సందులో రావిమొక్క మొలిచింది. నాకు ఊహ తెలిసేసరికే అది చెట్టయింది. మధ్యాహ్నం ఎండకు మేకలు ఆ నీడన చేరేవి. కోతల కాలంలో ఎక్కడినించో ఒక కూలీ కుటుంబం వచ్చి అక్కడే దిగేది. రెండు స్తంభాల మధ్య చీర ఉయ్యాల కట్టేవాళ్ళు. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ పొగ తగిలి, స్తంభం మీద చెక్కిన హంసల వరుస నల్లబడిపోయింది. చేత్తో తడిమితే మసి అంటేది, మసి కింద హంస మెడ వేలికి తగిలేది.

పెద్దయ్యాక శిథిలాల పుస్తకాలు చాలా చూశాను. గుళ్ళు, కోటలు, సమాధులు. అన్నీ బాగుండేవి, కానీ వాటిలో ఎక్కడా పొయ్యి కనిపించలేదు. మనుషుల్ని పక్కకు తప్పించి తీసిన ఫొటోలు అవి. ఒకరోజు ఒక గ్రంథాలయంలో పెద్ద బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే ఒక పుట దగ్గర చెయ్యి ఆగిపోయింది. బెంగాలు పల్లె. పగిలిన ఇటుకల సమాధి, దాని నెత్తిన చెట్టు, గోడకు ఆనించి వేసిన పూరిపాక, పాక ముందు కట్టేసిన ఆవు, గొంతుక్కూర్చుని ఏదో పని చేసుకుంటున్న ఆడమనిషి. గోధుమరంగు సిరాతో గీసిన చిన్న బొమ్మ. అచ్చం మా మండపమే అనిపించింది. కింద పేరు చూశాను, జార్జ్ చినరీ.

ఆయన 1774లో లండన్‌లో పుట్టాడు. తాత అందమైన చేతిరాత నేర్పే గురువు. తండ్రిదీ ఆ విద్యే. రాయల్ అకాడమీ బడిలో 1792లో చేరాడు. తరవాత డబ్లిన్ వెళ్ళాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళందరినీ వెనక వదిలి 1802లో ఒంటరిగా ఓడెక్కాడు. ఆ ఏడాది డిసెంబరులో మద్రాసు చేరాడు. తోడబుట్టినవాడు జాన్ అప్పటికే మద్రాసులో ఉన్నాడు. వచ్చినవాడు మళ్ళీ ఇంగ్లండు ముఖం చూడలేదు. యాభై ఏళ్ళు ఆసియాలోనే బతికి, 1852లో చైనా తీరాన మకావులో కన్నుమూశాడు.

అప్పటి మద్రాసుకు నౌకాశ్రయం లేదు. ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. అక్కణ్ణించి మనుషుల్నీ సరుకునూ ఒడ్డుకు చేర్చేవి మసూలా పడవలు. మేకు అనేదే లేకుండా, పలకల్ని కొబ్బరినారతో కుట్టిన పడవలవి. కెరటం వచ్చి కొడితే మేకులు దిగగొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి కాచుకుంటుంది. ఆ రోజుల్లో మద్రాసులో దిగిన ప్రతి దొరా ముందు మన తీరపు జాలరి నేర్పు మీద ప్రాణం పెట్టి ఒడ్డెక్కినవాడే.

మద్రాసులో ఆయన బతుకుతెరువు దొరల ముఖాలు గీయడం. దంతపు పలకల మీద బొటనవేలంత బొమ్మలూ గీశాడు, నిలువెత్తు చిత్రాలూ వేశాడు. వాటిలో ఒకటి మన హైదరాబాదుకు సంబంధించినది. కోఠీలో మనం ఉమెన్స్ కాలేజీ అని పిలుచుకునే ఆ పెద్ద స్తంభాల భవనం ఉంది చూశారా, దాన్ని కట్టించిన బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్. ఆయన భార్య ఖైరున్నీసా బేగం. వాళ్ళ పిల్లలిద్దరినీ 1805లో చదువు కోసం ఇంగ్లండు పంపించారు. ఇంట్లో వాళ్ళ ముద్దుపేర్లు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. వాడికి నాలుగేళ్ళు, దానికి మూడు. ఓడెక్కే ముందు మద్రాసులో చినరీ ఆ ఇద్దరి బొమ్మ వేశాడు. హైదరాబాదీ దుస్తుల్లో పక్కపక్కన నిలబడి ఉంటారు పిల్లలు. అదే ఏడాది అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి 1813లో పోయింది. పిల్లలు మళ్ళీ ఆమెను చూడలేదు. ఆ బొమ్మ మాత్రం చేతులు మారి ఇంగ్లండు చేరింది. కిట్టీగా పెరిగిన సాహిబ్ బేగం ఎన్నో ఏళ్ళ తరవాత ఒకరి ఇంటి గోడ మీద దాన్ని చూసి ఏడ్చిందట. ఆ ఇంటాయన తన తదనంతరం బొమ్మ ఆమెకే చెందేలా వీలునామా రాశాడు. ఇప్పుడది హాంకాంగులో ఒక బ్యాంకు సొత్తు.

చినరీకి పేరు తెచ్చినవి ఇలాంటి చిత్రాలే. 1807లో కలకత్తా వెళ్ళింది కూడా అక్కడి ప్రధాన న్యాయమూర్తి బొమ్మ వేయడానికే. గవర్నర్ జనరళ్ళు, జడ్జీలు, వర్తకులు ఆయన ముందు కూర్చున్నారు. అవి గొప్ప చిత్రాలే, కాదనను. కానీ వాటి ముందు నేను ఎంతోసేపు నిలబడలేను. నన్ను నిలబెట్టేవి ఆయన ఎవరూ అడగకుండా, ఎవరూ డబ్బివ్వకుండా, తన కోసం గీసుకున్న చిన్న కాగితాలు.

అవి వేలల్లో ఉన్నాయి. లండన్‌లో, హాంకాంగులో, టోక్యోలో, అమెరికాలోని సేలంలో భద్రంగా దాచారు. ముందు పెన్సిల్‌తో గీసేవాడు. చాలావాటి మీద ఆ తరవాత తీరిగ్గా కూర్చుని సిరా గీత దిద్దేవాడు. ఒకే కాగితం మీద పడుకున్న మేక, లేవబోతున్న మేక, ఒక్క మేక చెవి. పక్కన కుండ. కుండ పక్కన, దానితో ఏ సంబంధమూ లేకుండా, బరువు మోస్తున్న మనిషి వీపు. చాలావాటి మీద తేదీ వేసి ఉంటుంది. ఆ తేదీల పక్కన కొక్కేల్లాంటి, వానపాముల్లాంటి గుర్తులు కొన్ని కనిపిస్తాయి.

అవేమిటో చెప్తాను. షార్ట్‌హ్యాండ్. మన ఊళ్ళలో ఒకప్పుడు ప్రతి బజారులోనూ టైపు, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి, గుర్తుందా? అక్కడ నేర్పింది పిట్‌మన్ పద్ధతి. చినరీది అంతకంటే పాతది, గర్నీ పద్ధతి. నవలాకారుడు డికెన్స్ కుర్రతనంలో నేర్చుకున్నదీ అదే. చేతిరాత గురువుల వంశంలో పుట్టినవాడు కదా, ఆ గీతలు ఆయన చేతికి చిన్నప్పుడే అలవాటయ్యుంటాయి. బొమ్మ పక్కన తనకు తానే సూచనలు రాసుకునేవాడు. ఇది సరిగ్గా కుదిరింది, ఇది ఇంకా నింపాలి, అలాంటివి. తరవాతి కాలంలో ఓపికగలవాళ్ళు కూర్చుని వాటిలో చాలావరకు చదివారు. నాకు ఆ సూచనలంటే ఎంతో ఇష్టం. గవర్నర్ జనరల్‌ను గీసే చెయ్యి, ఒక మేక కాలు సరిగా వచ్చిందా లేదా అని తనకు తానే చీటీ రాసి పెట్టుకుంది.

1808 నుంచి నాలుగేళ్ళ దాకా ఢాకాలో ఉన్నాడు. చార్లెస్ డోయిలీ అని అక్కడ కలెక్టరు, ఆయనకూ బొమ్మల పిచ్చి. చినరీ దగ్గర నేర్చుకున్నాడు, చినరీకి ఆశ్రయమిచ్చాడు. ఢాకా అంటే ఒకప్పుడు మొగలుల బెంగాలు రాజధాని. మస్లిన్ బట్టకు పుట్టిల్లు. వీళ్ళు వెళ్ళేనాటికి రాజధాని హోదా పోయి దాదాపు వందేళ్ళయింది, మగ్గాలు మూలపడుతున్నాయి. 1644లో కట్టిన బడా కత్రా, 1678లో మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన లాల్‌బాగ్ కోట, వంతెనలు, మసీదులు అన్నిటి మీదా మొక్కలు మొలిచాయి. డోయిలీ ఆ శిథిలాల మీద పెద్ద పుస్తకమే వెలువరించాడు, అందులో చినరీ చెయ్యీ ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. చినరీ కంటే ముందు డానియల్‌లు వచ్చారు. థామస్, అతని అన్న కొడుకు విలియం. 1786 నుంచి ఏడేళ్ళు మన దేశం నలుమూలలా తిరిగి 144 రంగుల ముద్రణలు అచ్చువేశారు. మదురై, తంజావూరు, ఆగ్రా. వాళ్ళ కష్టం మామూలుది కాదు, ఆ ముద్రణలు లేకపోతే ఆనాటి కట్టడాలు ఎన్నో ఎలా ఉండేవో మనకు తెలిసేది కాదు. కానీ వాటిలో మనిషి ఎందుకున్నాడు? గోపురం ఎంత ఎత్తో తెలియడానికి. చినరీ కాగితం మీద ఈ లెక్క తిరగబడింది. ముందు మనిషి, మనిషి పక్కన పశువు, పశువు వెనక పాక, పాక ఆనుకోవడానికి ఒక గోడ. ఆ గోడ ఒకప్పటి నవాబు సమాధిది కావచ్చు. ఇప్పుడు మాత్రం దాని మీద గుడ్డలు ఆరేస్తున్నారు.

బెంగాలు పాక పైకప్పు చూశారా ఎప్పుడైనా? మన పూరిళ్ళ కొప్పులా నిటారుగా ఉండదు. వెన్నుదూలం దగ్గర విల్లులా వంగి, చూరు రెండు వైపులా కిందికి జారుతుంది. వెదురు వంగే గుణం అది. ఆ జోరువానకు నీరు నిలవకుండా జారిపోవాలంటే అలాగే ఉండాలి. ఆ పాకను బంగ్లా అన్నారు, బెంగాలు ఇల్లు అని. దొరలు ఆ మాటను నోట పెట్టుకుని దేశమంతా తిప్పారు. మన దగ్గరికొచ్చేసరికి అది బంగళా అయింది, కలవారి ఇంటికి పేరైంది. మాటకు మూలం మాత్రం వెదురుపాకే. ఇంకా ముందే, సుల్తానుల కాలంలోనే, బెంగాలులో సమాధులూ మసీదులూ కట్టినవాళ్ళు ఆ వంపును చూసి ఇటుకల్లో దింపారు. మొగలులు దాన్ని ఆగ్రా కోట దాకా తీసుకుపోయారు. అంటే పాక దగ్గర సమాధి పాఠం నేర్చుకుంది. రెండు వందల ఏళ్ళకో మూడు వందల ఏళ్ళకో సమాధి కూలింది. ఆ కూలిన గోడకు ఆనుకుని మళ్ళీ అదే వంపుతో పాక లేచింది. పాకకు ఏడాదికోసారో రెండేళ్ళకోసారో కొత్త గడ్డి కప్పుతారు కాబట్టి అది ఎప్పటికీ పాతబడదు. చినరీ బెంగాలు బొమ్మల్లో నేను మళ్ళీ మళ్ళీ వెతుక్కునేది ఆ రెండు వంపులనే.

ఆయన్ని విమర్శించేవాళ్ళు ఉన్నారు. పేదరికాన్ని అందంగా చూపించాడంటారు. ఆ మాటలో నిజం ఉంది. ఆ కాలపు ఇంగ్లండులో నాచు పట్టిన గోడ, విరిగిన కంచె, చిరిగిన కప్పు చూసి మురిసిపోవడం ఒక అభిరుచిగా చలామణి అయింది. చినరీ ఆ గాలిలో పెరిగినవాడే. గడ్డి ఊడిన కప్పు ఆయన కంటికి ఇంపుగా ఉంది. దాని కింద పడుకునేవాళ్ళ మీద వాన ఎలా కురిసిందో ఆ బొమ్మలు చెప్పవు. 1770 కరువులో ఇదే బెంగాలు జనం గుట్టలుగా చచ్చిపోయారని కూడా అవి చెప్పవు. ఇదంతా ఒప్పుకున్నాకే నా మాట చెప్తున్నాను. ఆయన బొమ్మల్లో మనిషి అలంకారానికి నిలబడి ఉండడు, పనిలో ఉంటాడు. నీళ్ళ కుండ నడుముకు ఎత్తుకున్న ఆడమనిషి నడుము ఏ వైపు ఒరుగుతుందో ఆయనకు తెలుసు. ఆవు తోక విదిలించే ముందు వెనక తొడ ఎలా ముడుచుకుంటుందో తెలుసు. అది ఒక్క చూపుకు పట్టుబడేది కాదు. రోజూ చూసినవాడికే తెలుస్తుంది. బాపుగారి గీతలు చూస్తూ పెరిగిన కళ్ళు మనవి. ఒక్క గీత పొల్లుపోకుండా ఒళ్ళంతా పట్టుకోవడమంటే ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు.

కలకత్తా జీవితం గురించి ఎక్కువ చెప్పను. సంపాదన బాగుండేది, ఖర్చు అంతకు మించి ఉండేది. భార్యాపిల్లలు చాలా ఏళ్ళ తరవాత వచ్చి చేరారు. కొడుకు జాన్ 1822లో బెంగాలులోనే చనిపోయాడు. అప్పులవాళ్ళు చుట్టుముట్టారు. గంగ ఒడ్డున శ్రీరాంపూరు అప్పుడు డెన్మార్కు వాళ్ళ ఏలుబడిలో ఉండేది, అక్కడ ఇంగ్లీషువాళ్ళ కోర్టుల మాట చెల్లదు. అక్కడికి వెళ్ళి తలదాచుకున్నాడు. అక్కడా నిలవలేక 1825లో చైనా దారి పట్టాడు. మిగిలిన ఇరవై ఏడేళ్ళూ మకావే ఆయన ఊరు.

మకావు పోర్చుగీసువాళ్ళ చిన్న రేవు. కొండ మీద చర్చీలు, కింద చైనా బజారు. తెల్లవారకముందే కాగితాలు పట్టుకుని బయల్దేరేవాడు, ఎండ ఎక్కకముందే బొమ్మలతో ఇంటికి చేరేవాడు. అక్కడా అదే చూపు. వీధి పక్కన పీట వేసుకుని జడ అల్లే మంగలి. కొలిమి దగ్గర కమ్మరి. కావడిలో రెండు వైపులా పొయ్యీ గిన్నెలూ పెట్టుకుని తిరుగుతూ అమ్మే వంటవాడు. నేల మీద చతికిలబడి జూదమాడే నలుగురు, వాళ్ళ వెనక నించుని చూసే ఇద్దరు. పందులు, పిల్లులు, మేకలు. బెంగాలు వదిలినా మేకను మాత్రం వదల్లేదు.

అన్నిటికంటే ఎక్కువగా గీసింది టాంకా పడవల ఆడవాళ్ళను. టాంకాలంటే నీటి మీదే పుట్టి నీటి మీదే బతికే జనం. ఒడ్డున ఉండేవాళ్ళు వాళ్ళను తక్కువగా చూసేవారు. మకావు రేవులో లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా ఆగేవి, దిగినవాళ్ళను ఒడ్డుకు చేర్చేది ఈ ఆడవాళ్ళే. సగం గుడ్డు చిప్ప బోర్లించినట్టు గుండ్రటి చాప కప్పు ఉంటుంది ఆ పడవకు. వీపున బిడ్డను కట్టుకుని తెడ్డు వేస్తారు. సముద్రానికి పనికిరాని పాత పడవను ఒడ్డుకు లాగి, దాని మీద కప్పు వేసుకుని కాపురం పెడతారు. నాకు బెంగాలు సమాధి గోడ గుర్తొచ్చింది. అక్కడ నవాబు కట్టడం కూలితే పాకకు ఆనుపయింది, ఇక్కడ పడవ పాతబడి ఇల్లయింది.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మకావులో ఆయనకు బొమ్మలకు డబ్బిచ్చినవాళ్ళు ఎక్కువమంది నల్లమందు వర్తకులు. జార్డిన్, మాథెసన్ ఇద్దరినీ గీశాడు. ఆ నల్లమందు పండింది బీహారు, కాశీ ప్రాంతాల రైతు పొలాల్లో, దాని మీద గుత్తాధిపత్యం ఈస్టిండియా కంపెనీది. ఢాకాలో ఆశ్రయమిచ్చిన డోయిలీ తరవాత పట్నాలో నల్లమందు ఏజెంటుగా పనిచేశాడు. చినరీ కాగితానికీ సిరాకూ ఆ డబ్బు నుంచే కొంత వచ్చింది. ఆ మంగలినీ కమ్మరినీ ప్రేమగా గీసిన చేతికి, వాళ్ళ ఊళ్ళను గుల్ల చేసినవాళ్ళే కూలి ఇచ్చారు. ఇది మరిచిపోయి ఆ బొమ్మలు చూడడం నాకు సాధ్యం కాదు, చూడకుండా ఉండడమూ సాధ్యం కాదు.

మకావులో కొండ మీద సావ్ పావ్లో చర్చి ఉండేది. పెద్ద మెట్ల వరుస, పైన రాతి ముఖభాగం, దాని నిండా శిల్పాలు. చినరీ 1834లో దాన్ని గీశాడు. 1835 జనవరిలో అగ్నిప్రమాదం జరిగి చర్చి మొత్తం కాలిపోయింది. ముందుగోడ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు మకావు వెళ్ళినవాళ్ళందరూ ఆ ఒంటరి గోడ ముందు నిలబడి ఫొటో దిగుతారు. మనవాళ్ళు కూడా హాంకాంగు నుంచి పడవ మీద వెళ్ళి చూసి వస్తున్నారు. మీరెప్పుడైనా వెళ్తే ఆ గోడ దగ్గర్నుంచి ప్రొటెస్టెంటు శ్మశానానికి కూడా వెళ్ళండి. దూరం కాదు. చినరీ సమాధి అక్కడే ఉంది.

కుంపటిలో నిప్పులు బూడిద పడుతున్నాయి, ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మా చెరువు కింది మండపం ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేశారు. హంసల స్తంభం ఎటు పోయిందో ఎవరినడిగినా తెలియదన్నారు. దాని ఫొటో ఒక్కటీ మా ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. మేకలు పడుకున్నప్పటిది, ఉయ్యాల కట్టినప్పటిది, పొయ్యి వెలిగినప్పటిది, ఏదీ లేదు. మీ ఊళ్ళో అలాంటి మండపమో, పాడు సత్రమో, బురుజో ఇంకా నిలిచి ఉంటే, ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఓ గంట దాని ఎదుట కూర్చోండి. దాని నీడన ఎవరుంటున్నారో, ఏం వండుకుంటున్నారో, గోడకు ఏం తగిలించుకున్నారో చూసి నాకు ఉత్తరం రాయండి. గీయగలిగితే చిన్న బొమ్మ గీసి, తేదీ వేసి పంపండి.